నిజాము రాజ్యమున ప్రజల తిరుగుబాటు: మూలకారణములు

ప్రజలు రాజుపై తిరుగబడినపుడు చరిత్ర సాధారణముగా ఒక తేదీని గుర్తుంచుకొనును. తెలంగాణము విషయమున ఆ తేదీ 1946 జూలై 4. ఆనాడు జనగామ తాలూకా కడవెండి గ్రామమున సంఘము వారు ఊరేగింపుగా సాగుచుండగా దేశముఖు మనుషులు తుపాకులు పేల్చిరి. దొడ్డి కొమరయ్య నేలకొరగెను. కాని నిప్పంటుకొన్న క్షణము వేఱు, కట్టెలు పేర్చిన కాలము వేఱు. ఆ కట్టెలు ఎట్లు పేర్చబడినవో విచారించుటయే నేటి ప్రసంగ విషయము.

మొదట ఒక సందేహమును తీర్చుకొందము. 1911లో సింహాసనమెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున మంచి పనులేవియు జరుగలేదా? జరిగినవి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. 1931 నాటికి మంజీరపై నిజాంసాగరము పూర్తియైనది. నగరమున గొప్ప వైద్యశాలయు, న్యాయస్థాన భవనమును లేచినవి. అట్టి రాజుపై ప్రజలేల తిరుగబడిరి? రాజు ఏమి కట్టించెనన్న ప్రశ్న ఒకటి. రైతు తన గోడు చెప్పుకొనుటకు ఏ తలుపు తెఱచి యున్నదన్న ప్రశ్న మఱియొకటి. తిరుగుబాటునకు కారణము ఈ రెండవ ప్రశ్నలోనే కలదు.

రాజ్యములోని భూమి మూడు విధములుగా నుండెను. సుమారు నూటికి అరువది పాళ్ళు ప్రభుత్వము నేరుగా శిస్తు వసూలు చేయు దివానీ, లేక ఖాల్సా. సుమారు ముప్పది పాళ్ళు జాగీర్లు. మిగిలిన పది పాళ్ళు నిజాము సొంత ఖర్చులకై కేటాయించిన సర్ఫెఖాస్. దివానీ గ్రామములందును రైతుకు నెమ్మది లేదు. పూర్వము శిస్తు వసూలు చేసిన దేశముఖులు, దేశపాండ్యలు పందొమ్మిదవ శతాబ్దమున సాలార్‌జంగు సంస్కరణలతో ఆ పనిని కోల్పోయిరి. కాని లెక్కలు వారికే తెలియును, దస్త్రములు వారి చేతిలోనే యున్నవి. అందుచే తరతరములుగా రైతు దున్నిన భూములు అనేకము వారి పేర పట్టాలకెక్కినవి. విసునూరు దేశముఖు అధీనమున నలుబదివేల యెకరములు ఉండెనని ఉద్యమ నాయకులలో నొకరైన పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసియున్నారు.

భూమి చేజారిన పిదప మిగిలినది ఒడలి కష్టము. అదియు రైతుది కాలేదు. దానికే వెట్టి యని పేరు. మాదిగ చెప్పులు కుట్టి యీయవలెను. కుమ్మరి కుండలు, గొల్ల గొఱ్ఱెలు, గౌడు కల్లు, సాలె బట్టలు ఉచితముగా గడికి చేర్చవలెను. చాకలి, మంగలి అక్కడ ఊడిగము చేయవలెను. రైతు తన పొలముకన్న ముందు దొర పొలము దున్నవలెను, చెఱువునీరు ముందు దొర మడికే పాఱవలెను. దొర కూతురు అత్తవారింటికి పోవునపుడు పేదింటి పిల్లలు ఆడబాపలుగా వెంట పంపబడిరి. ఆకలిని మనుష్యుడు కొంతకాలము సహింపగలడు. అవమానము నిత్యకృత్యమైనపుడు సహనము తరుగును.

ఈ బాధను ఎవరితో చెప్పుకొనవలెను? కచేరీలలోను, న్యాయస్థానములలోను ఉర్దూయే వ్యవహార భాష. తన భూమి ఏ కాగితముతో పోయినదో ఆ కాగితమును చదువలేని స్థితి తెలుగు రైతుది. కావున భాషోద్యమము ఇచ్చట కేవలము సాహిత్యాభిమానము కాదు. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభలో గేలి చేసిరి. ఆ రాత్రియే ఆంధ్ర జనసంఘమునకు బీజము పడినది. మాడపాటి హనుమంతరావుగారు మున్నగువారు గ్రంథాలయములు స్థాపించుచు, వెట్టి బాధలను ప్రభుత్వమునకు విన్నవించుచు మితమార్గముననే నడచిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. కాని సభ జరుపుకొనుటకు సయితము గస్తీ నిషాన్ 53 క్రింద ముందుగా అనుమతి పొందవలెను. 1938లో స్టేట్ కాంగ్రెసు పూర్తిగా ఏర్పడకముందే నిషేధింపబడినది.

మహాసభ ద్వారమట్లు మూసికొనుచుండగా, న్యాయస్థాన ద్వారము సంగతి యెట్టిదో చూతము. కామారెడ్డిగూడెమునకు చెందిన షేక్ బందగీ అను రైతు తన భూమికొఱకు ఏండ్ల తరబడి వ్యాజ్యమాడెను. తీర్పు అతని పక్షముననే వచ్చినది. కాని ఆ తీర్పు అతనిని కాపాడలేదు. అతడు హత్య చేయబడెను. బందగీ మహమ్మదీయుడు, అతనిని అణచదలచిన దొర హిందువు. ఈ పోరాటమునకు మూలము మతము కాదనుటకు ఇంతకుమించిన నిదర్శనము అక్కఱలేదు. గెలిచిన వ్యాజ్యము కూడ ప్రాణమును నిలుపలేదని తెలిసిన పల్లెలో ఇఁక అర్జీ వ్రాయువారెవరు?

1944లో భువనగిరి మహాసభకు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైరి. అప్పటినుండి మహాసభ పల్లెపల్లెకు పాకి ‘సంఘము’ అయ్యెను. యుద్ధకాలమున ధాన్యపు లెవీ చిన్నరైతు గాదెను ఖాళీ చేయుచుండగా, పెద్దల గాదెలు తఱచు లెక్కకు రాకపోయెను. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ పంటను దేశముఖు మనుషులు దోచుకొనిపోవ వచ్చినపుడు సంఘము వారు అడ్డునిలిచి, ధాన్యమును ఆమె యింటికి చేర్చిరి. న్యాయస్థానము చేయలేని పనిని ఊరి జనము చేయగలిగినదని లోకమునకు తెలిసినది. అధికారము గడినుండి రచ్చబండకు మారిన గడియ అదియే.

1947లో నిజాము తాను స్వతంత్రుడనని నిలిచెను. రజాకార్ల దౌర్జన్యము పెరిగెను. 1948 సెప్టెంబరు 17న ఆ పాలన ముగిసెను. 1949లో జాగీర్లు రద్దయినవి, 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది. సాయుధ పోరాటము మాత్రము 1951 అక్టోబరు వఱకు సాగి, ఇరుపక్షములను ఎన్నో ప్రాణములను బలిగొన్నది.

గమనింపదగిన దొక్కటి. 1949, 1950లలో చేసిన చట్టములలోని కోరికలు క్రొత్తవి కావు. వెట్టి వలదని, దున్నువానికి రక్షణ కావలెనని ప్రజలు రెండు దశాబ్దములకు పైగా వినయముతోనే అడిగిరి. వారు మొదట కాగితము పట్టిరి, తరువాత సభ కట్టిరి, పిదప కోర్టు మెట్లెక్కిరి. కఱ్ఱ పట్టినది కట్టకడపట. తిరుగుబాటునకు కారణములు వెదకువారు తుపాకి మ్రోగిన దినమును గాక, అంతకు ముందు బదులులేక పడియున్న అర్జీలను చదువవలెను. పాలించువారు, వారు ఏ కాలమువారైనను, ముందుగా చదువవలసినవియు అవియే.