కుర్చీ వాళ్ళది, సంతకం మనది
దామోదరం సంజీవయ్య జయంతినాడు, ఫిబ్రవరి 14న, గంగాధర నెల్లూరు దగ్గర ఒక పల్లెలో చేసిన ప్రసంగం



పొద్దున ఈ పటానికి దండ వేస్తావుంటే ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి అడిగినాడు. "అన్నా, ఈయన కాంగ్రెసాయన కదా, మన సభలో ఈయన పటమెందుకు?" ఇంకో తమ్ముడు నోరు తెరిచి అడగలేదుగానీ, వాని మనసులో ఉండేది నాకు తెలుసు. "ఈయన మాలాయన కదా, మాదిగపల్లెలో ఎందుకు?" నేను మాదిగింట్లో పుట్టినోణ్ణే. రెండూ అడగాల్సిన ప్రశ్నలే.

కర్నూలు పక్కన పెద్దపాడులో 1921లో పుట్టినాడు సంజీవయ్య. సెంటు భూమి లేని ఇల్లు. నేత, కూలి. బిడ్డ పుట్టిన కొద్ది దినాలకే తండ్రి మునెయ్య చనిపోయినాడు. తల్లి సుంకులమ్మ పిల్లల్ని తీసుకోని అన్నదమ్ముల ఊరు పాలకుర్తి పోయింది. పిల్లోడు అక్కడ పశువులు కాసినాడు. తరవాత అన్న కూలికి పోతే తమ్ముడు బడికి పోయినాడు. అనంతపురం కాలేజీలో బి.ఏ., రేషనింగ్ ఆఫీసులో గుమాస్తా పని, మద్రాసులో లా. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు. అప్పటి నుంచి 1972 మేలో ఢిల్లీలో కన్నుమూసేదాకా ఇరవై రెండేండ్లు ఏదో ఒక పదవిలోనో, సభలోనో ఉండినాడు.

1952 ఎన్నికల సంగతి కొంచెం నిదానంగా వినాల. ఆ ఎన్నికల్లో బొంబాయిలో అంబేద్కర్ ఓడిపోయినాడు. ఓడించింది కాంగ్రెసు నిలబెట్టిన దళిత అభ్యర్థే. అదే ఎన్నికల్లో కాంగ్రెసు తరఫున గెలిచిన సంజీవయ్య రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయినాడు. 1932లో పూనా ఒప్పందం చేసిన పని ఇదే. సీటు మనకు, ఓట్లు ఊరందరివి. ఊరికి నచ్చినోడే మన నాయకుడు. సంజీవయ్య ఈ ఏర్పాటు లోపల నుంచి వచ్చిన మనిషి, దాన్ని దాచిపెట్టి పొగిడితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

1960 జనవరిలో నీలం సంజీవరెడ్డి కాంగ్రెసు అధ్యక్షుడై పోతే, ఖాళీ అయిన ముఖ్యమంత్రి కుర్చీ ఈయనకొచ్చింది. అప్పటికి ముప్పై తొమ్మిదేండ్లు కూడా నిండలేదు. 1962లో ఎన్నికలైనాయి, మార్చిలో రెడ్డిగారు తిరిగొచ్చినారు, ఈయన లేచినాడు. ఇరవై ఆరు నెలలు. కోడుమూరులో గెలిచిన మనిషే, ఓడిపోయి దిగినోడు కాదు. అద్దింట్లో ఉండేవాణ్ణి, ఇంటాయన వచ్చినాడు లేవమన్నట్టు. ఈ మాట నాకిప్పటికీ కడుపులో కలుక్కుమంటాది.

అయితే ఆ ఇరవై ఆరు నెలల్లో చేసిందేమి? ముసలోళ్ళకు పింఛను మొదలుపెట్టినాడు. ఈ పల్లెలో ఇప్పుడు ఒకటో తేదీ కోసం ఎదురు చూసే అవ్వలు ఏ పార్టీ పేరు చెప్పినా, మొదటి సంతకం ఆయనది. 1961లో లంచాల మీద ఏసీబీ పెట్టినాడు. బంజరు భూములు ఆరు లక్షల ఎకరాలు లేనోళ్ళకు పంచినాడని లెక్క చెప్తారు. అదే 1961లో భూపరిమితి చట్టం కూడా వచ్చింది, దాని సంగతి వేరే. నేలను బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చన్నారు. ఇంక దొరల దగ్గర తీసుకునేదేముంది? బంజరు పంచడానికి ఆయన సంతకం సరిపోయింది, దొరల మాగాణి మీదికి పోయేటప్పటికి సరిపోలేదు. ఆయన బలమెంతో, కాంగ్రెసు అనుమతి ఎంతవరకో ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తాది.

తరవాత నెహ్రూ ఆయన్ని అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుణ్ణి చేసినాడు, 1962లో. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. 1964లో ఢిల్లీలో కార్మిక మంత్రి. 1971లో మళ్ళీ అధ్యక్షుడు. ఆయన పోయినాక ఆ పార్టీకి ఇంకో దళితుడు, ఖర్గే, అధ్యక్షుడు కావడానికి 2022 దాకా, యాభై ఏండ్లు పట్టింది. మన రాష్ట్రం విడిపోయి రెండైంది కూడా. ఈ రెండింటిలో ఎక్కడా రెండో దళిత ముఖ్యమంత్రి ఇంకా రాలేదు.

ఆయన కార్మిక మంత్రిగా ఉన్నప్పుడే, 1965లో బోనస్ చట్టం వచ్చింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు సీజన్‌లో పోయే ఆడోళ్ళు ఇది వినాల. ఏడాదిలో ముప్పై దినాలు పనిచేసినా బోనసు అడగొచ్చని అందులో ఉండె. ఆ చట్టాన్ని 2019 వేతనాల కోడ్‌లో కలిపేసినారు గానీ, ఆ ముప్పై దినాల మాట అట్లే ఉండాది. మీలో ఎంతమందికి బోనసు అందింది? చేతులెత్తండి... చూసినారా, ఒక్క చెయ్యి లేదు.

ఇంక తమ్ముని రెండో ప్రశ్న. వర్గీకరణ మీద మనలో మనకు వాదముంది. 2025లో ఆర్డినెన్సు కూడా వచ్చింది. ఆ వాదం ఇంకోపూట మొహమాటం లేకుండా వాదించుకుందాం. పింఛను మాలపల్లె అవ్వకూ వచ్చింది, మాదిగపల్లె అవ్వకూ వచ్చింది. ఈ పటం దించబల్లేదు.

నెల్లూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీకి ఆయన పేరు పెట్టినారు, విశాఖలో లా యూనివర్సిటీకి పెట్టినారు. మంచిదే. మన తిరుపతి ఎంపీ సీటు రిజర్వుడు, చిత్తూరు ఎంపీ సీటు రిజర్వుడు, ఈ గంగాధర నెల్లూరు, పూతలపట్టు, సత్యవేడు ఎమ్మెల్యే సీట్లు రిజర్వుడు. ఇంతమంది ఉండి, ఆయన ఇరవై ఆరు నెలల్లో పెట్టినన్ని సంతకాలు పెట్టినారా? ఏ పార్టీ ఎమ్మెల్యే మన వాకిట్లోకి వచ్చినా ఇదే అడగండి.

డీకేటీ పట్టాలుండేవాళ్ళకు ఒక మాట. 1977 చట్టం ప్రకారం ఆ భూమి అమ్మకూడదు. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏండ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. అప్పటి నుంచి మన పల్లెల చుట్టూ కార్లు తిరగతా ఉండాయి. మీ తాత పేర పట్టా ఉండి, భూమి ఇంకొకరి దున్నకంలో ఉంటే, వేలిముద్ర వేసేముందు మా దగ్గరికి రండి. వచ్చే ఆదివారం ఈ చెట్టుకిందే కూర్చుంటాం. పట్టా కాగితం, 1-బి, అడంగల్ ఉంటే తెండి, లేకపోతే సర్వే నంబరు చెప్పినా చాలు, మేము తీయిస్తాం.