లెక్కలకు రెండవ ప్రతి



2024వ సంవత్సరము జూలై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున అగ్ని చెలరేగి, భూములకు సంబంధించిన దస్త్రము లనేకము దగ్ధమయ్యెను. సదుము వారికి అది దూరపు వార్త కాదు. నేల ఎక్కడికిని పోదు. కాని అది తనదని చూపు కాగితము పోయినచో రైతునకు నిలుచు తావుండదు. ఆ కాగితమునకు వేరొక కచేరీలో ప్రతి యున్నచో తిరిగి కూర్చుకొనవచ్చును. లేనిచో సాక్షులను వెదకుటయు, కచేరీల చుట్టు తిరుగుటయు తప్పదు.

ప్రతి వ్రాసియుంచుట క్రొత్త విద్య కాదు. కల్నల్ మెకంజీ సేకరింపించిన గ్రామ కైఫీయతులు శిథిలమగుచుండగా, కడపలో ఉద్యోగము చేసిన సి. పి. బ్రౌను వానికి ప్రతులు వ్రాయించెను. అవియే లోకల్ రికార్డులను పేర నిలిచి, మన గ్రామముల పూర్వచరిత్రను నేటికిని చెప్పుచున్నవి. ఆ వ్రాయసకాండ్రు లేకున్నచో ఎన్ని యూళ్ల చరిత్ర పురుగుల పాలయ్యెడిదో!

నేడు సహకార సంఘములు, పాఠశాలలు, గ్రంథాలయములు తమ లెక్కలను కంప్యూటరునందు చేర్చుకొనుచున్నవి. క్రమముగా కూర్చిన ఈ లెక్కల సముదాయమునే డేటాబేస్ అందురు. సభ్యుల పేర్లు, ధరావతు సొమ్ము, ఇంటికిచ్చిన పుస్తకముల పద్దులు, అన్నియు అరచేతియంత పెట్టెలో ఇముడును. అంత సులభముగనే నశించును. పిడుగు, దొంగ, పొరపాటున నొక్కిన మీట, ఏ యొక్కటియైనను చాలును.

కావున ప్రతి సంస్థయు మూడు ప్రతుల నుంచుకొనవలెను. మొదటిది నిత్యము వాడుకొనునది. రెండవది వేరొక హార్డ్ డిస్కులో నుండవలెను. మూడవది ఆ కప్పు క్రింద గాక, మరియొక యూరిలో భద్రముగా నుండవలెను. ఇల్లు కాలినపుడు పెట్టెలోని రెండు ప్రతులును కలిసియే కాలును గదా! నాటి పద్దులు నాడే తీయవలెను. పద్దులు వ్రాయుచుండగా ఫైలును నకలు చేసినచో సగము క్రొత్తది, సగము పాతది కావచ్చును. పని ముగించి, ఆ ప్రోగ్రాములోనే యున్న బ్యాకప్ పద్ధతిచే తీయుట మేలు. క్రొత్త ప్రతి రాగానే పాతదానిని చెరుపరాదు. నేడు దొర్లిన తప్పు నెల తరువాత బయటపడవచ్చును. అప్పుడు పాత ప్రతియే దిక్కు.

2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లపై దుండగుల దాడి జరిగెను. దినముల తరబడి పనులు కాగితములపై నడచినవి. దాడి సోకని బ్యాకప్ సర్వరునుండి రోగుల వివరములు తిరిగి లభించినవి. కావున ఒక ప్రతిని ఎల్లప్పుడును కంప్యూటరునుండి విడదీసి యుంచవలెను.

విత్తనము మొలచునో లేదో చూడక గాదెలో దాచినవాడు, తొలకరినాడు మోసపోవును. ప్రతియు నట్టిదే. మూడు నెలల కొకసారి దానిని వేరొక కంప్యూటరుపై తెరచి, పది పేర్లు, పది పద్దులు చేతి పుస్తకముతో సరిచూడవలెను. తెరవని ప్రతిని నమ్మరాదు.

సభ్యుల పేర్లు, ఫోను సంఖ్యలు పరుల సొత్తు. ప్రతికి సంకేతపదము పెట్టి, దానిని ఇద్దరు బాధ్యుల కెరుకపరచి, ముద్రవేసిన కవరులో దాచవలెను. ఒక్కరికే తెలిసినచో ఆ యొక్కరు లేనినాడు తాళమే శత్రువగును.

ఇందులకు గొప్ప ఖర్చు లేదు. ఒక హార్డ్ డిస్కు, ఒక తేదీల పుస్తకము, ఒక బాధ్యుడు చాలును. సర్వసభ్య సమావేశమున జమాఖర్చులు అడుగు సభ్యులు ఇకమీదట మూడు ప్రశ్నలను కూడ అడుగవలెను: కడపటి ప్రతి ఎన్నడు తీసితిరి? ఎచట నుంచితిరి? తెరచి చూచిన దెవరు? ఈ మూటికి సూటిగా జవాబు చెప్పగల సంస్థ లెక్కలు పదిలముగా నున్నట్లే.