పూర్ణహృదయ ప్రేమ

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



క్రైస్తవ విశ్వాసమునకును ప్రేమకును గల సంబంధమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మన కులమున హిందువులును గలరు, క్రైస్తవులును గలరు. ఒకే యింట అన్న దేవాలయమునకును తమ్ముడు ప్రార్థనామందిరమునకును పోవుట మనకు క్రొత్త గాదు. కావున మతప్రచారము చేయుట మా యుద్దేశము గాదు. మేము నమ్మిన మతము మమ్మేమి యడుగుచున్నదో, దానికి మేమెంతవరకు లోబడితిమో మీ యెదుట విన్నవించుకొనుటకే నిలిచితిమి.

ప్రేమ యను మాట పలుకుటకు సులభము. తన వారిని ప్రేమింపని మనుష్యుడు లోకమున నరుదు. పులియు తన కూనలను కాపాడుకొనును. అట్టి ప్రేమకు మత మక్కరలేదు. ప్రకృతియే దానిని నేర్పినది. దేవుని పూర్ణహృదయముతో ప్రేమింపవలెననియు, పొరుగువానిని తనవలె ప్రేమింపవలెననియు యూదుల ధర్మశాస్త్రము విధించినది. ఆ శాస్త్రము నెరిగిన పండితు డొకడు క్రీస్తు నొద్దకు వచ్చి, తన పొరుగువా డెవ్వడని యడిగెనని లూకా సువార్తయందున్నది. ఆ ప్రశ్నలోని మర్మమును గమనింపుడు. ఎవరిని ప్రేమింపవలెనో తెలిసికొనుట కంటె, ఎవరిని ప్రేమింప నక్కరలేదో తెలిసికొనుటయే యాతని కోరికవలె మాకు తోచును. హద్దురాయి యెచట నాటవలెనని యాతడు విచారించెను.

అందులకు క్రీస్తు ఒక కథ చెప్పెను. యెరూషలేమునుండి యెరికోకు పోవు దారిలో దొంగలు కొట్టి విడిచిన బాటసారి యొకడు కొనయూపిరితో పడియుండెను. యాజకుడు చూచి ప్రక్కగా పోయెను. లేవీయుడును అట్లే పోయెను. సమరయు డొక్కడు ఆగెను. యూదులకును సమరయులకును తరతరముల వైరము. అయినను అతడు వాని గాయములు కట్టి, తన వాహనముపై నెక్కించుకొని, సత్రమునకు చేర్చి, రెండు దేనారములు సత్రపువాని చేతబెట్టి, అధికవ్యయమైనచో తిరిగి వచ్చునపుడు తీర్తునని చెప్పి పోయెను. దేనార మనగా నాటి కూలివాని యొక దినపు కూలి. రెండు దినముల కష్టార్జితము నాతడు ఊరు పేరు తెలియని వానికై వెచ్చించెను. ఇంకను మిగిలిన లెక్కను తన తలపైనే వైచుకొనెను. హద్దు నడుగ వచ్చిన పండితునకు క్రీస్తు హద్దు నెరుగని మనుష్యుని జూపెను.

ఇట్టి ప్రేమ కథలయందే గాక మన తెలుగుదేశమునను కానవచ్చినది. 1866 వ సంవత్సరమున జాన్ క్లౌ అను అమెరికా బాప్టిస్టు మతబోధకుడు ఒంగోలునకు వచ్చెను. అగ్రవర్ణముల వారు ఆతని యెడల ఆదరము చూపి, తమ బిడ్డలను ఆతని పాఠశాలకు పంపదొడగిరి. తాళ్లకొండపాడు గ్రామమునుండి యెర్రగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడు, చర్మవ్యాపారము చేయువాడు, జ్ఞానార్థియై వచ్చి బాప్తిస్మము పొందియుండెను. అట్టివారిని చేర్చుకొనినచో తాము రాబోమని పెద్దలు తెలిపిరి. పెద్దల నుంచుకొనుటయా, పేరయ్యవంటి వారిని చేర్చుకొనుటయా యను సంకటము క్లౌ దొరకు ప్రాప్తించెను. పేరయ్యకు తెరచిన తలుపును ఆయన మూయలేదు. పేరయ్యయు ఊరక కూర్చుండక, పల్లెపల్లెకు కాలినడకను పోయి తాను వినినదానిని తనవారికి వినిపించెను. క్లౌ దొర పేరు గ్రంథములకెక్కినది గాని, ఆ పాదముల శ్రమ లేనిదే ఆ పని సాగియుండదు.

పిమ్మట 1876-78 సంవత్సరముల మహాక్షామము వచ్చెను. మద్రాసు రాజధానిలో లక్షలకొలది జనులు మడిసిరి. అపుడు ప్రభుత్వమువారు కరవుపనిగా బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. క్లౌ దొర యౌవనమున భూమి కొలతపని నేర్చినవాడు. ఆయన సుమారు మూడున్నర మైళ్ల కాలువపనిని గుత్తకు పుచ్చుకొని, ఆకలిగొని వచ్చిన వేలకొలది జనులకు పని కల్పించి కూలి యిప్పించెను. ఆ దినములయందే అనేకులు బాప్తిస్మ మిమ్మని ప్రార్థించిరి. మతబోధకుడు కోరునది అదియే కదా! అయినను దాదాపు పదునైదు నెలలు ఆయన యెవ్వరికిని బాప్తిస్మ మీయనీయలేదు. కూడు పెట్టు చేతితోడనే మతమునకు పిలిచినచో, వచ్చువాడు దేవునికై వచ్చెనో గంజికై వచ్చెనో వానికే తెలియదు. అందుచేత అన్నమునకు విశ్వాసమును వెలగా గట్టగూడదని ఆయన నిశ్చయించెను.

కరవుపని ముగిసిన తరువాతనే తలుపు తెరువబడెను. సహాయము కోరి రాలేదని జనులు తమ చేతుల బొబ్బలు చూపిరట. 1878 జూలై 3 వ తేదీని గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు తెలుగు బోధకులే. దొర స్వహస్తముతో నొక్కరికిని ఈయలేదు. ఆ సంఖ్యను గూర్చి క్రైస్తవులు గర్వముతో చెప్పుకొందురు. మాకు మాత్రము ఆ సంఖ్యకంటె దానికి ముందటి పదునైదు నెలల మౌనమే గొప్పదిగా తోచుచున్నది. ప్రతిఫల మరచేతికి వచ్చియుండగా చేయి ముడుచుకొని, పెట్టుట మాత్రము మానకుండుటయే పూర్ణహృదయ ప్రేమ.

ఇట్టి ప్రేమ క్రైస్తవుల సొత్తని మే మనము. నిజామాబాదు ప్రాంతమున ఇసబెల్ కెర్ అను వైద్యురాలు కుష్ఠురోగులకు చికిత్స చేయుచుండగా చూచి, రాజా నర్సాగౌడుగారు లక్షరూపాయలు విరాళ మిచ్చిరి. 1915 లో డిచ్‌పల్లియందు కుష్ఠురోగుల యాశ్రమము వెలసెను. దాత హిందువు, వైద్యురాలు క్రైస్తవురాలు, రోగి యే మతస్థుడని యడిగిన వారు లేరు.

ఇక మా దోషమును చెప్పుకొందుము. రాజ్యాంగము 1950 లో అస్పృశ్యతను రద్దు చేసినను, తెలుగునాట ననేక క్రైస్తవ సంఘములు నేటికిని కులము ననుసరించియే కూడుచున్నవి. పెండ్లిమాట వచ్చినప్పుడు బైబిలు ప్రక్కకు పోవును, కులము ముందునకు వచ్చును. క్రీస్తు సమరయ స్త్రీని బావియొద్ద నీళ్లడిగెను. ఆమె జాతివారితో యూదులకు సాంగత్యము లేని దినములవి. ఇచ్చువాడు పైమెట్టుననే నిలిచి యీయవచ్చును. దాహమడుగువాడు మెట్టు దిగక తప్పదు. మాలో నెందరము అట్లు దిగితిమి?

ఇది పరులపై నింద గాదు. కొన్నియేండ్ల క్రిందట మేమొక కులవిద్యార్థి వసతిగృహమునకు కార్యవర్గ సభ్యులముగా నుంటిమి. తల్లిని గోల్పోయిన బాలుడొకడు, వేరు కులమువాడు, ఉపాధ్యాయుని యుత్తరముతో వచ్చెను. ఆనాడు మూడు పడకలు ఖాళీగా నుండెను. మన కులమువారికి మాత్రమే యని నిబంధన గలదు. మేము నిబంధన చదివి వినిపించితిమి. ఆ బాలుడు నమస్కరించి, పెట్టె నెత్తిన బెట్టుకొని పోయెను. ఆ యాదివారమే మేము ప్రార్థనామందిరమున సమరయుని కథను గూర్చి ప్రసంగించితిమి. ప్రసంగము బాగుగా నున్నదని పలువురు మెచ్చిరి. మాకు మాత్రము ఆ రాత్రి నిద్రపట్టలేదు. ప్రక్కగా పోయిన లేవీయుడు మేమేయని తెలిసినది. ఆ బాలుని మరల వెదకించితిమి, కానరాలేదు.

సోదరులారా! కులసంఘములు తప్పని మేము చెప్పము. తనవారి బిడ్డను చదివింపనివాడు పరుల బిడ్డను చదివించు ననుట నమ్మదగినది గాదు. మన పూర్వులు పైసపైస కూర్చి యీ సంఘమును నిలిపిరి. అయితే ఇల్లు నిలుచుటకు గోడ యెంత యవసరమో, గోడకు వాకిలియు నంత యవసరము. కావున ఈ మహాసభకు మాదొక విన్నపము: మన విద్యార్థినిధిలోను, వసతిగృహములలోను పదింట నొక భాగము, కుల మడుగక, మత మడుగక, దిక్కులేని బిడ్డలకై ప్రత్యేకింపుడు. ఆ బిడ్డ పెద్దవాడై మనకేమి చేయునని లెక్కలో వ్రాసికొనకుడు. మా పేరిట చందాగా నిచ్చు మొత్తమును ఈ దినముననే కోశాధికారిగారి యొద్ద నుంచుచున్నాము.

ఆనాడు పెట్టె నెత్తిన బెట్టుకొని పోయిన బాలుని మేము తిరిగి పిలువలేము. రేపు వచ్చువానికి వాకిలి తెరచియుంచుట మీ చేతిలో నున్నది.