పెద్దకూర మెత్తబడాలంటే పొద్దు కావాలె

(మన్సూరాబాద్‌లో బస్తీ ఆడోళ్ళు, మొగోళ్ళు, కార్యకర్తలు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



సభ అంటే భూమి గురించో, కూలి గురించో, కేసుల గురించో మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఇయాల కూర గురించి మాట్లాడుకుందాం. పెద్దకూర గురించి. అందులోనూ పక్కబొక్కలను ఇంట్లో ఓవెన్‌లో పెట్టి మెత్తగా ఎట్ల వండుకోవాలె అన్న సంగతి. 'గిది కూడా ఉద్యమమేనా?' అని కొందరికి అనుమానం రావచ్చు. మనిషి ఏం తింటడో చూసి వాణ్ణి ఊరి లోపల ఉంచాలా, ఊరి బయట ఉంచాలా అని నిర్ణయించిన దేశం మనది. అట్లాంటి దేశంలో మన పొయ్యి మీది కూర గురించి నోరు తెరిచి మాట్లాడటం ఉద్యమం కాకుండా ఎట్ల పోతది?

మన్సూరాబాద్ సంగతే తీసుకుందాం. ఒకప్పుడు ఇది చెరువున్న ఊరు. ఇయాల పట్నంలో ఒక ముక్క. 2007లో ఎల్బీనగర్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో రైలు వచ్చింది. విజయవాడ రోడ్డు పట్టుకొని నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం దిక్కు నుంచి బస్సెక్కి వచ్చే మనోళ్ళకు పట్నం మొదలయ్యేది ఈ దిక్కునే. వెలివాడను ఊళ్ళో విడిచిపెట్టి వచ్చినం, ఇక్కడ మన కులం ఎవనికి ఎరుక అనుకుంటం. కానీ టులెట్ బోర్డు కాడ ఇంటి ఓనరు అడిగే మొదటి మాట ఏంది? 'మీరు ఏం తింటరు?' అని. కులం అడగటానికి నోరు రానోడు కూర అడుగుతడు. జవాబు విని కులం తెలుసుకుంటడు. అద్దె ఇల్లు లేదంటడు.

అందుకని మనోళ్ళు ఏం చేస్తున్నరు? కిటికీలు మూసి, అగరొత్తి ముట్టించి, కుక్కర్‌లో నాలుగు కూతలు పెట్టించి ఆదరాబాదరాగా దించేస్తున్నరు. తిన్నంక బొక్కలను నల్ల కవర్లో చుట్టి నాలుగు గల్లీల అవతల పారేసి వస్తున్నరు. పక్కబొక్కలైతే అసలు తెచ్చుడే బంద్ చేసినరు. ఎందుకంటే అవి తొందరగా ఉడకవు. చాలాసేపు పొయ్యి మీద ఉండాలె, వాసన రావాలె. భయపడేటోని ఇంట్లో పక్కబొక్కలు ఉడకవు. ఇంతకీ ఇవి ఎందుకు తొందరగా ఉడకవు? ముందుగాల దాని మర్మం తెలుసుకుందాం.

గొడ్డు ఒంట్లో కండలన్నీ ఒక్కతీరుగా ఉండవు. నడుం దగ్గర లోపలి కండకు కష్టం తక్కువ, అది తొందరగా ఉడుకుతది. కాళ్ళు, మెడ, పక్కలు రోజంతా పని చేస్తయి. గొడ్డు ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కబొక్కల నడుమ కండ కదులుతది. పని చేసిన కండలో జిగురు పొరలు, నరాలు ఎక్కువ. సైన్సు వాళ్ళు ఆ జిగురును కొల్లాజెన్ అంటరు. పెద్ద మంట పెడితే ఏమైతది? కండ బిగుసుకొని లోపలి నీళ్ళను బయటికి పిండేస్తది, జిగురు మాత్రం కరగదు. అప్పుడు ముక్క తోలు లెక్క సాగుతది. అదే సన్నటి వేడి మీద గంటల తరబడి ఉంచితే, ముక్క లోపలి వేడి 70 డిగ్రీలు దాటినంక ఆ జిగురు మెల్లమెల్లగా కరిగి జెలటిన్ అయితది. చేతికి అంటుకునే చిక్కటి పులుసు, నోట్లో వేసుకుంటే జారిపోయే ముక్క అంతా ఆ జిగురు కరిగిన పుణ్యమే. అంటే గొడ్డులో ఎక్కువ కష్టపడ్డ భాగమే, ఓపికతో వండితే అన్నింటికన్నా రుచి. ఈ మాట కష్టం చేసేటోళ్ళకు ఒకరు చెప్పాల్నా?

ఈ తెలివి ఏ సీమ దేశం నుంచో ఓవెన్ పెట్టెతో పాటు వచ్చింది కాదు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు దొర పొలంలో పొద్దు గూకేదాకా నడుం వంచి పని చేసి ఇంటికి వచ్చేటోళ్ళు. కూర వండటానికి పొద్దు ఏది? అందుకే కుండలో కూర వేసి, మూత పెట్టి, సెగ తగ్గిన నిప్పుల మీద పెట్టి పడుకునేటోళ్ళు. తెల్లారేసరికి బొక్క నుంచి కండ దానంతట అదే ఊడి వచ్చేది. మిగిలిన మాంసాన్ని చీలికలు కోసి, ఉప్పూ పసుపూ రాసి దండెం మీద ఎండేసి తునకలు చేసి దాచుకునేటోళ్ళు. ఫ్రిజ్జు లేని కాలంలో వానల రోజులకు అదే కొట్టం, అదే గోదాం. హైదరాబాద్ ముస్లిం ఇండ్లల్లో నిహారీ కూడా రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికే కూరే. దేగ్చీ మూతకు పిండి మెత్తి, పైన కూడా నిప్పులు పోసి దమ్ పెడతరు. కింద వేడి, పైన వేడి, లోపలి ఆవిరి బయటికి పోకుండా కట్టడి. ఓవెన్ చేసే పని కూడా ఇదే. నిప్పుల బదులు కరెంటు తీగ, అంతే తేడా.

ఇక వండే తీరు వినుండ్రి. రాసుకునేటోళ్ళు రాసుకోండి.

లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొనండి, రసీదు అడగండి. కిలోన్నర పక్కబొక్కలు తీసుకొని నాలుగు వేళ్ళ పొడుగు ముక్కలు కొట్టించండి. బొక్క లోపలి దిక్కు తెల్లటి పలుచని పొర ఉంటది. చాకు మొనతో లేపి గుడ్డతో పట్టుకొని గుంజితే వస్తది. ఆ పొర ఉంటే కారం, ఉప్పు లోపలికి పోవు. కడిగి నీళ్ళు పూర్తిగా వాడ్చండి. మూడు చిన్న చెంచాల ఉప్పు, అర చెంచా పసుపు, మూడు చెంచాల కారం, మూడు పెద్ద చెంచాల అల్లం ఎల్లిగడ్డ ముద్ద, రెండు పెద్ద చెంచాల ధనియాల పొడి, ఒక చెంచా మిరియాల పొడి, చిన్న గిన్నెడు పుల్లటి పెరుగు వేసి బాగా పట్టించండి. మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్జులో ఉంచండి. పచ్చి బొప్పాయి రాస్తే తొందరగా మెత్తబడుతదని కొందరు అంటరు. నిజమే, కానీ ఇట్ల మూడు గంటలు వండే కూరకు దాని అవసరం లేదు. ఎక్కువసేపు ఉంచితే పైన పిండి లెక్క అయితది, లోపల గట్టిగానే ఉంటది.

తెల్లారి ముక్కలను బయటపెట్టి, మందపాటి గిన్నెలో రెండు పెద్ద చెంచాల నూనె కాగనిచ్చి నాలుగు దిక్కులా ఎర్రగా వేయించండి. ఒకేసారి అన్నీ వేయకండి, నీళ్ళు ఊరి ఉడికిపోతయి గానీ వేగవు. అదే గిన్నెలో నాలుగు ఉల్లిగడ్డలు పొడుగ్గా తరిగి, ఐదు లవంగాలు, రెండు దాల్చినచెక్క ముక్కలతో వేయించండి. గిన్నె ప్లాస్టిక్ పిడి లేనిది, ఓవెన్‌లో పట్టేది చూసుకోండి. కింద ఉల్లిగడ్డ, మీద బొక్కలు పేర్చి, గ్లాసున్నర వేడి నీళ్ళు పోయండి. ముక్కలు మునగొద్దు. గట్టి మూత పెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తండి.

ఓవెన్‌ను పది నిమిషాలు ముందుగా కాలనిచ్చి 150 డిగ్రీల మీద పెట్టండి. మూడు గంటలు తలుపు తెరవకండి. తెరిచి చూసినప్పుడల్లా వేడి పోతది. మూడు గంటలకు పిండి పగలగొట్టి చూడండి. బొక్కను పట్టుకొని తిప్పితే కండలోంచి కదలాలె, పుల్ల గుచ్చితే అడ్డం లేకుండా దిగాలె. ముసలి బర్రె మాంసమైతే ఇంకో గంట పట్టొచ్చు. తొందరపడి ఎసరు పెంచొద్దు, మంట పెంచొద్దు. మెత్తబడ్డంక మూత తీసి, 210 డిగ్రీల మీద పదిహేను నిమిషాలు ఉంచితే పైన ఎర్రగా మాడీ మాడనట్టు వస్తది. బయటికి తీసినంక పది నిమిషాలు ఆగి తినండి. జొన్నరొట్టెతో తింటే ఆ పులుసు రుచి ఎట్లుంటదో మేము చెప్పుడు ఎందుకు, మీరే చూడండి.

కరెంటు బిల్లు భయం వద్దు. 1500 వాట్ల ఓవెన్ ఆపకుండా కాలితే గంటకు ఒకటిన్నర యూనిట్. కానీ అది వేడెక్కినంక ఆగుతూ వెలుగుతూ ఉంటది. మూడున్నర గంటలకు ఐదు యూనిట్ల లోపే. ఓవెన్ లేనోళ్ళు గ్యాసు పొయ్యి మీద పెనం పెట్టి, దాని మీద ఇదే గిన్నె పెట్టి సన్నటి మంట మీద అదే మూడు నాలుగు గంటలు ఉంచండి. ఊళ్ళల్లో ఉన్నోళ్ళకు కుండ ఉంది, నిప్పులున్నయి. పేరు ఏదైతేనేమి, సన్నటి సెగ, గట్టి మూత, ఓపిక ఈ మూడే కావాలె.

ఒక మాట మన మొగోళ్ళకు. ఈ కూర పొయ్యిలో పెట్టినంక దాని దగ్గర నిలబడే పని లేదు. తోముడు, కడుగుడు, పొర గుంజుడు మాత్రం ఉంటది. ఆత్మగౌరవం గురించి సభలో ఉపన్యాసం ఇచ్చి, ఇంటికి పోయి 'కూర ఏది?' అని అడిగితే అది ఎవరి ఆత్మగౌరవం? ఆదివారం నాడు ఇది మీరే వండండి.

ఇక చట్టం సంగతి. మనల్ని బెదిరించేటోళ్ళు చట్టం పేరు చెప్పి బెదిరిస్తరు కాబట్టి అది ఎరుకలో పెట్టుకోవాలె. మన దగ్గర ఉన్నది 1977 నాటి గోవధ నిషేధం, పశు సంరక్షణ చట్టం. దాని ప్రకారం ఆవును కోయకూడదు, ఆవు దూడనైనా బర్రె దూడనైనా కోయకూడదు. ఎద్దునూ, బర్రెనూ, దున్ననూ అధికారి ధ్రువపత్రం ఇస్తే కోయవచ్చు. అది కోసేదాని మీద చట్టం. నీ ఇంట్లో నువ్వు ఏం వండుకున్నవని గిన్నె మూత ఎత్తి చూసే హక్కును గల్లీలో ఎవనికీ ఇయ్యలేదు.

అయినా పంచాయితీ ఆగలేదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో దళిత, బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ చేసినరు. అందరూ కలిసి బిర్యానీ తిన్నరు. దాని మీద రాళ్ళు పడ్డయి, గొడవ అయింది. 2015 డిసెంబరు 10న మళ్ళా చేస్తమంటే కోర్టు ఆర్డరు వచ్చింది, పోలీసులు అడ్డుకున్నరు. ఆ పిల్లలు అడిగింది ఏంది? హాస్టల్ మెస్సులో, మన ఇంటి తిండికి కూడా తిండి అన్న పేరు ఉండాలని.

బాబాసాహెబ్ 1948లో రాసిన అస్పృశ్యుల చరిత్ర పుస్తకంలో అంటరానితనానికీ గొడ్డు మాంసానికీ ఉన్న లంకెను విప్పి చూపించినరు. అయితే ఆయనే 1927 మార్చిలో మహాద్ సభలో చచ్చిన గొడ్డు మాంసం తినడం మానండి అన్నరు గదా అని కొందరు అడుగుతరు. అడగాల్సిన ప్రశ్నే. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం మన మీద రుద్దిన వెట్టి. తోలు దొరకు, మురిగే మాంసం మనకు, దానికి తోడు అంటరానోళ్ళన్న పేరు. ఆ వెట్టిని వదలమన్నరు బాబాసాహెబ్. మన రెక్కల కష్టంతో సంపాదించిన పైసలు పెట్టి, దుకాణంలో తాజా మాంసం కొని, మనకు నచ్చినట్టు వండుకునేది వెట్టి కాదు. అక్కడ కొట్లాట వెట్టి వద్దని, ఇక్కడ కొట్లాట మన ఇష్టం మాదని. రెండూ ఒకే కొట్లాట.

మనలో పెద్దకూర తిననోళ్ళు కూడా ఉన్నరు. వాళ్ళను తినమని ఎవరూ బలవంతం చేయొద్దు. భయంతో కిటికీ మూసుకునేటోళ్ళను ఎగతాళి చేయొద్దు. ఒంటరి ఆడామె, చిన్నపిల్లలతో అద్దె ఇంట్లో ఉన్నామె, ఓనరు రేపు ఖాళీ చేయమంటే సామాను ఎక్కడ పెడతది? తలుపు తెరువు అని ఆమెకు చెప్పుడు కాదు, ఆమె తలుపు తెరిచిన్నాడు బస్తీ మొత్తం ఆమె గుమ్మం ముందు నిలబడాలె. అది సంఘం పని.

చివరగా రెండు పనులు. మహారాష్ట్రలో షాహూ పటోలే అనే రచయిత మరాఠ్వాడా దళితుల వంటల మీద 2015లో మరాఠీలో పుస్తకం రాసినరు. 2024లో అది ఇంగ్లీషులో కూడా వచ్చింది. మన ఇండ్లల్లో తునకల కూర, బోటి, మూలుగుబొక్క పులుసు ఎట్ల వండాల్నో ఎరిగిన ముసలవ్వలు ఇంకా ఉన్నరు. వాళ్ళు పోతే ఆ వంట వాళ్ళతోనే పోతది. చదువుకున్న పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్క అవ్వ కాడ కూసొని అడిగి, ఎంత ఉప్పు, ఎంతసేపు, ఏ కట్టె అన్నది కూడా విడువకుండా రాసి మన పత్రికకు పంపండి. ఇది మొదటి పని.

రెండోది, వచ్చే నెల సభకు మన బస్తీలో ఓవెన్ ఉన్నోళ్ళు ఓవెన్, కుండ ఉన్నోళ్ళు కుండ, ఏమీ లేనోళ్ళు జొన్నరొట్టెలు తీసుకొని రండి. పొద్దుగాల పొయ్యిలో పెడదాం. అది మెత్తబడేదాకా అద్దె ఇండ్ల సంగతి, టులెట్ బోర్డుల సంగతి, ఎవరు ఎవరికి అండగా నిలబడాలన్న సంగతి మాట్లాడుకుందాం. మూడున్నర గంటలు ఉంటయి మన చేతిల. తలుపులన్నీ తెరిచే ఉంచుదాం.

జై భీమ్!