పాదవ్రణము – మనోవిశ్రాంతి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



నేను వైద్యుడను గాను. లెక్కలు వ్రాయుట నా వృత్తి. తీరికవేళల ప్రాచీన గ్రంథములు చదువుట నా వ్యసనము. కావున నేడు చెప్పబోవునది చికిత్స గాదు; చికిత్సకు తోడ్పడు ఒక చిన్న సాధనమును గూర్చి మాత్రమే.

చక్కెర వ్యాధి ఎరుగని వీధి నేడు అరుదు. ఆ వ్యాధి చిరకాలము నిలిచినచో పాదముల నరములు మొద్దుబారును, రక్తనాళములు ఇరుకగును. ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు ఒరసినను తెలియదు. నొప్పి లేదుగదా యని ఉపేక్షించిన పుండు లోలోపల ఎముక వరకు పోవును. తుదకు కాలు తీయవలసిన దుర్దశ కలుగవచ్చును. నొప్పి లేకపోవుటయే ఇందలి పెద్ద ప్రమాదము.

ఇట్టి పుండుతో మంచమున నున్నవానికి కాలు పోవునేమో యను భయము, పనులు చెడుచున్నవను దిగులు, రాత్రులు నిద్రలేమి. ఈ చింత మనస్సుతోనే ఆగదు. కార్టిసాల్, ఎడ్రినలిన్ అను రసములు దేహమున హెచ్చి రక్తములోని చక్కెరను పెంచును. చర్మపు సన్నని రక్తనాళములు ముడుచుకొనును. గాయము మానుట మందగించును.

1995లో అమెరికాలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ అను శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో ఒక పరిశోధన ప్రకటించెను. మతి తప్పిన బంధువులకు సేవ చేయుచు అలసిన 13 మంది స్త్రీలకును, అట్టి భారము లేని 13 మందికిని చేతిపై ఒకే కొలతగల చిన్న గాయము చేసి చూచిరి. అలసినవారికి మానుటకు సుమారు 9 దినములు అధికముగా పట్టెను. 2001లో వెలువడిన మరియొక పరిశోధనలో, మానని పాదవ్రణములు గల 32 మందిలో సగము మందికి దేహమును సడలించి పాదములకు వెచ్చదనము తెచ్చుకొను అభ్యాసము నేర్పిరి. ఆ 16 మందిలో 14 మందికి పుండ్లు పూర్తిగా మానినవి. తక్కిన 16 మందిలో ఏడుగురికే మానినవి. ఇది చిన్న పరిశోధన. దీనితోనే తీర్మానము చేయరాదు. అయినను దారి చూపుచున్నది.

మన పెద్దలకు ఇది క్రొత్తగాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానమున వ్రణితోపాసనీయ మను అధ్యాయము కలదు. ప్రియముగా మాటలాడు మిత్రులు కథలు చెప్పి, ధైర్యము గొలిపి వ్రణబాధను మరపింపవలెననియు, వ్రణితుడు భయక్రోధశోకములను, రాత్రి జాగరణమును, నడకను విడువవలెననియు అందు చెప్పబడినది.

ఇక విధానము. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1929లో ఒక గ్రంథమున దీనిని వివరించెను. నేడు ఆచరణలో నున్న సులభరీతి యిది: వెల్లకిల పరుండి పిడికిలిని అయిదు లెక్కించువరకు బిగించి, మెల్లగా వదలి, ఆ సడలింపును గమనింపవలెను. అట్లే భుజములు, ముఖము, ఉదరము, తొడలు. పుండుగల కాలిని మాత్రము బిగింపరాదు. పిదప నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకన్న నెమ్మదిగా విడువవలెను. దినమునకు రెండుమార్లు, పావుగంట చాలును.

అయితే హెచ్చరిక. పాదము వెచ్చబడవలెనని కుంపటి కాచుట, వేడినీళ్లు పోయుట కూడదు. స్పర్శ లేని కాలు కాలినను తెలియదు. పుండుపై బూడిద, సున్నము, పసరు పూయరాదు. కాలిపై బరువు మోపరాదు. చుట్ట మానవలెను. చీము, దుర్వాసన, నలుపు, వాపు, జ్వరము, వీనిలో ఏది కనబడినను ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. లెక్కల భాషలో చెప్పినచో మందు, కట్టు, కాలికి విశ్రాంతి అసలు. మనశ్శాంతి దానిపై వడ్డీ. అసలు లేనిదే వడ్డీ రాదు.

కడపట ఒక ప్రార్థన. గ్రంథాలయ సభ్యులలో ఓపిక గలవారు, పుండుతో మంచమున నున్న పొరుగువాని యింటికి వారమునకు రెండు సాయంకాలములు పోయి, ఆతడు కోరిన కథయో, భారతఘట్టమో చదివి వినిపింపుడు. లేచి వచ్చునపుడు ఆతనికి కనబడని అరికాలిని వెలుతురున ఒకసారి చూచి రండు. పుస్తకమును ఇంటింటికి చేర్చుట ఎంత సేవయో, ఇదియు నంతటి సేవయే.