తుంటి ఎముక ఎందుకు విరుగుతుంది?



పెద్దవారు జారిపడితే తుంటి విరిగిందంటాం. నిజానికి విరిగేది తొడ ఎముక పైకొస. అక్కడ గుండ్రటి తల ఒకటి తుంటి గిన్నెలో ఇమిడి తిరుగుతూ ఉంటుంది. ఆ తలను కింది ఎముకతో కలిపే భాగమే మెడ. అది నిటారుగా ఉండదు. గోడలోంచి ఏటవాలుగా పొడుచుకొచ్చిన దూలంలా బరువు మోస్తుంది.

నడకలో ఒంటికాలిమీద నిలిచిన ప్రతిసారీ ఈ కీలుమీద శరీర బరువుకు సుమారు రెండున్నర, మూడు రెట్ల ఒత్తిడి పడుతుంది. ఆ నొక్కుడంతా మెడ అడుగుభాగానిదే. బరువు పడినచోట ఎముక బలపడుతుందనీ, పడనిచోట క్షీణిస్తుందనీ జర్మన్ వైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లోనే చెప్పాడు. నడక వల్ల మెడ అడుగుభాగం గట్టిగానే నిలుస్తుంది. నడకలో అంతగా పనిపడని పైభాగం మాత్రం వయసుతో పలచబడుతుంది.

పక్కకు పడినప్పుడు ఈ లెక్క తారుమారవుతుంది. తొడ బయటివైపు చేతికి తగిలే గుబ్బ నేలకు కొట్టుకుంటుంది. నొక్కుడు ఆ పలచని పైభాగంమీద పడి, మెడ విరుగుతుంది. చురుగ్గా నడిచేవారు ముందుకు పడి చేతులు ఆనిస్తారు. మెల్లగా నడిచే వృద్ధులు ఉన్నచోటనే పక్కకు కూలుతారు. బక్కపలచని వారికి దెబ్బను ఆపే కండ కూడా ఉండదు.

తుంటి విరుగుళ్లలో నూటికి 90కి పైగా పడడంవల్ల వచ్చేవే. కనుక పడకుండా చూడడమే మొదటి వైద్యం. స్నానాల గదిలో పాచి కడగండి, పట్టుకోవడానికి గోడకు కడ్డీ పెట్టించండి. రాత్రి చిన్న దీపం వెలగనివ్వండి. కంట్లో శుక్లాలుంటే తీయించండి. నిద్రమాత్రలు వాడేవారు డాక్టరుతో మాట్లాడండి.

మన సరిహద్దు జిల్లాల్లో ఎముక విరిగిందంటే పుత్తూరు కట్టు గుర్తుకొస్తుంది. ముంజేతికి బద్దలు పెట్టి కట్టవచ్చు. తొడ ఎముక మెడ కండరాల లోతున ఉంటుంది, కట్టు పట్టు అక్కడికి చేరదు. పైగా తలకు రక్తం అందించే నాళాలు మెడ వెంబడే పోతాయి. అవి తెగితే తల చచ్చుబడవచ్చు.

పడినవారు లేవలేకపోయినా, కాలు పొట్టిదై పాదం బయటికి తిరిగినా, మర్దన చేయకండి. కాలు కదలకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి చేర్చండి. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషను జరిగితే త్వరగా లేచి నడవగలరు. మంచంమీదే ఉంచితే పుండ్లు, న్యుమోనియా వస్తాయి. ప్రాణం తీసేది చాలాసార్లు విరిగిన ఎముక కాదు, ఆ మంచమే.