ఎఫ్1 మీది చెయ్యి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

యాభై దాటినవాళ్లం నలుగురం కలిస్తే మన కాలపు పాటలు, ఆటలే గొప్పవంటాం. కంప్యూటర్ ఆటల విషయంలో నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మన రోజుల్లో ఈ బడిలో కంప్యూటర్ లేదు. 1989లో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో మొదటిసారి 'డిగ్గర్' ఆడాను. నేల తవ్వుకుంటూ పచ్చలు ఏరుకునే ఆట. ఇక్కడ నా బెంచీలో కూర్చున్న మిత్రుడే అక్కడా నా పక్కన. బాణం మీటలు నావి, ఎఫ్1 నొక్కి పేల్చడం వాడి వంతు. ఆలస్యంగా నొక్కాడని ఎన్నిసార్లు తిట్టానో! వాడు పోయాక, కిందటేడు ఆ ఆట వెతికి మళ్లీ ఆడాను. పది నిమిషాల్లో ఆపేశాను. అన్ని మీటలూ నేనే నొక్కుతుంటే ఆట సాగుతోంది గానీ, తిట్టడానికి పక్కన ఎవరూ లేరు.

మరి ఏ జ్ఞాపకం ఆసరా లేకుండా నిలిచే ఆట ఉందా? టెట్రిస్ ఉంది. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశాడు. ఆయన వాడిన ఎలక్ట్రానికా 60 యంత్రానికి బొమ్మలు గీయడం రాదు. బ్రాకెట్ గుర్తులనే గళ్లుగా వాడుకున్నాడు. నాలుగేసి గళ్లతో ఏడు రకాల ముక్కలు. పైనుంచి పడే ముక్కను తిప్పి సందులో అమర్చాలి. తెర ఇట్టే నిండిపోతోందని, నిండిన వరస మాయమయ్యేలా చేశాడు. ఆ ఒక్క నియమంతో ఆటకు ప్రాణం వచ్చింది. సరిగ్గా పేర్చింది పోతుంది, మన తప్పులే మిగిలి పైకి పేరుకుంటాయి. ఇంజనీరుగా చెబుతున్నాను, అందులో తీసేయదగ్గది ఏదీ లేదు.

2023 డిసెంబరులో అమెరికాలో ఒక 13 ఏళ్ల కుర్రాడు, 1989 నాటి నింటెండో టెట్రిస్ ఆడుతూ ఆడుతూ ఆ ప్రోగ్రామే ఆగిపోయే చోటికి చేరాడు. మనిషి చేతిలో అది అలా ఆగడం అదే మొదటిసారి. ఆ ఆట వచ్చేనాటికి వాడు పుట్టనే లేదు. వాణ్ణి కూర్చోబెట్టింది ఆటే. నా లెక్కలో క్లాసిక్ అంటే అదీ.

మన పులి-మేకా అంతే. బండ మీద సుద్దగీతలు, పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు ఉంటే చాలు. మొన్న మన వరండాలో ఏడో తరగతి పిల్లలకు గీసి చూపించాను. బెల్లు కొట్టినా లేవలేదు.

మన స్వర్ణోత్సవానికీ ఇదే పరీక్ష. ఈ బడి మనకు గొప్పదే. ఆ గొప్పతనంలో సగం మన పక్కన కూర్చున్నవాళ్లది. ఈ ఏడు ఆరో తరగతిలో చేరిన పిల్లకు మన జ్ఞాపకాలతో పనిలేదు. ఆ పిల్లకు పనిచేసే కంప్యూటర్ కావాలి, బడి వదిలాక ఓ గంట ల్యాబు తలుపు తెరిచి ఉండాలి. సంఘం నిధిలో మొదటి ఖర్చు దానికే పెడదామని నా మనవి.

ఇంకొక్క మాట. ఒక్కో కంప్యూటర్ ముందు రెండేసి కుర్చీలు వేయించండి.

సెలవు.